కెనడా పౌరసత్వానికి మీరు ఉన్న రోజులను లెక్కపెట్టుకోవడం ఎలా

పెద్దవారు కెనడా పౌరసత్వానికి అర్హులు కావాలంటే, దరఖాస్తుపై సంతకం పెట్టే తేదీకి ముందున్న 5 సంవత్సరాలలో కనీసం 1,095 రోజులు స్వయంగా కెనడాలో ఉండి ఉండాలి. నియమం ఇంతే. అయితే దీన్ని సొంత జీవితానికి అన్వయించుకునేటప్పుడు చదువుకోవడానికి వచ్చిన రోజులు, వర్క్ పర్మిట్ మీద పనిచేసిన రోజులు, పెళ్లికో పండగకో ఊరికి వెళ్లి నెలన్నర ఉండిపోయిన రోజులు, అమెరికా సరిహద్దు దాటి వచ్చిన వారాంతాలు అన్నీ కలగాపులగమవుతాయి. ఫలితంగా కొందరు తొందరపడి అర్హత రాకముందే దరఖాస్తు చేస్తారు, మరికొందరు అర్హత వచ్చి ఏడాది గడిచినా తెలియక ఊరుకుంటారు.

లెక్క మొదలుపెట్టే ముందు, మీకు ఎవరో చెప్పగా మనసులో నిలిచిపోయిన రెండు సంఖ్యలను పక్కన పెట్టండి. మొదటిది 1,460. 2015 జూన్ నుంచి 2017 అక్టోబర్ వరకు, 6 సంవత్సరాలలో 1,460 రోజులు ఉండాలన్న నియమం అమలులో ఉండేది, పీఆర్ (శాశ్వత నివాస హోదా) రాకముందు గడిపిన రోజులకు అప్పట్లో విలువే లేదు. ఆ కాలంలో పౌరసత్వం తీసుకున్నవారు ఇప్పటికీ కొత్తవారికి “నాలుగేళ్లు ఉండాలి” అని సలహా ఇస్తుంటారు. 2017 అక్టోబర్ 11 నుంచి ఆ నియమం పోయి, నేటి 1,095 రోజుల నియమం వచ్చింది. రెండవ సంఖ్య 730. ఇది పీఆర్ హోదాను నిలబెట్టుకోవడానికి 5 సంవత్సరాలలో ఉండవలసిన రోజుల సంఖ్య, పౌరసత్వానికి దీనితో సంబంధం లేదు. కెనడా పౌరుడైన భర్తతోనో భార్యతోనో కలిసి విదేశంలో ఉన్న కాలాన్ని, కెనడా సంస్థ తరఫున విదేశంలో పనిచేసిన కాలాన్ని పీఆర్ నిలుపుకునే లెక్కలో కలుపుకోనిస్తారు. పౌరసత్వం లెక్కలో సాధారణంగా అలాంటి సౌకర్యం లేదు. ఈ రెండింటినీ ఒకటిగా భావించి దెబ్బతినేవారు తక్కువేమీ కాదు.

మొదటి పని: సంతకం తేదీని నిర్ణయించుకోండి

రోజుల లెక్కకు ఆధారం మీరు కెనడాకు వచ్చిన తేదీ కాదు, దరఖాస్తుపై సంతకం పెట్టబోయే తేదీ. ఆ తేదీ నుంచి వెనక్కి సరిగ్గా 5 సంవత్సరాలు వెళ్లి ఒక గీత గీయండి. సంతకం 2025 ఆగస్టు 10న అనుకుంటే, మీ అర్హతా కాలం 2020 ఆగస్టు 10న మొదలై 2025 ఆగస్టు 9తో ముగుస్తుంది. సంతకం పెట్టిన రోజు లెక్కలోకి రాదు. గీతకు అవతల మీరు ఎన్నేళ్లు కెనడాలో ఉన్నా ఈ లెక్కకు అది పనికిరాదు, 2016లో వచ్చినవారికైనా 2020లో వచ్చినవారికైనా చూసేది ఈ 5 సంవత్సరాలనే.

సంతకం తేదీ మారితే గీత కూడా జరుగుతుంది. ఆదివారం లెక్క వేసుకుని గురువారం సంతకం పెడితే లెక్కను మళ్లీ వేయాలి, ఎందుకంటే పౌరసత్వ శాఖ వెబ్‌సైటులో రోజులు లెక్కకట్టే కాలిక్యులేటర్‌లో ఇచ్చిన తేదీ, దరఖాస్తుపై ఉన్న తేదీ ఒకటే అయి ఉండాలి. రాబోయే తేదీ వేసి ముందుగానే సంతకం పెట్టడం కుదరదు.

రెండవ పని: పీఆర్ వచ్చిన తేదీని కాగితంలో చూసి రాసుకోండి

మీ 5 సంవత్సరాలను రెండు ముక్కలు చేసేది ఈ తేదీయే. జ్ఞాపకం మీద ఆధారపడకుండా, ల్యాండింగ్ సమయంలో, అంటే పీఆర్ హోదా అధికారికంగా మొదలైనప్పుడు ఇచ్చిన శాశ్వత నివాస ధ్రువపత్రంలో గానీ, పీఆర్ కార్డు వెనుక వైపున గానీ ఉన్న తేదీని తీసుకోండి. పీఆర్ మంజూరైనట్టు ఈమెయిల్ వచ్చిన రోజు, కార్డు పోస్టులో చేతికి అందిన రోజు, కార్డు గడువు తేదీ ఇవేవీ ఆ తేదీ కావు. కార్డు గడువు తీరిపోయినంత మాత్రాన పీఆర్ హోదా పోదు కాబట్టి, గడువు తీరిన తర్వాత కెనడాలో గడిపిన రోజులు కూడా పూర్తిగా లెక్కకు వస్తాయి.

పీఆర్ వచ్చిన రోజు నుంచి కెనడాలో ఉన్న ప్రతి రోజూ ఒక రోజే. అంతకు ముందు తాత్కాలిక నివాసిగా, అంటే స్టడీ పర్మిట్, వర్క్ పర్మిట్ లేదా సందర్శకుల వీసా మీద చట్టబద్ధంగా ఉన్న ప్రతి రోజూ అర రోజు, దీనికి గరిష్ఠ పరిమితి 365 రోజులు. అంటే గీతకు ఇవతల, పీఆర్‌కు ముందు 730 రోజులు కెనడాలో ఉన్నవారికి పూర్తి 365 వస్తాయి, 900 రోజులు ఉన్నా అంతకు మించి రావు. పరిమితి నిండినవారు పీఆర్ తర్వాత మరో 730 రోజులు ఉంటే 1,095 పూర్తవుతాయి. పీఆర్ వచ్చి రెండు సంవత్సరాలు గడవకుండా పెద్దవారు ఎవరూ ఈ షరతును దాటలేకపోవడానికి కారణం ఇదే. శరణార్థిగా రక్షణ పొందినవారికి కూడా, ఆ హోదా ఖరారైన నాటి నుంచి పీఆర్ వరకు ఉన్న కాలానికి ఇదే అర రోజు లెక్క వర్తిస్తుంది. విచారణ పెండింగులో ఉన్న కాలానికి వర్తించదు.

విద్యార్థులుగా వచ్చిన మనవారు ఇక్కడ ఒక విషయాన్ని జాగ్రత్తగా చూసుకోవాలి. పర్మిట్ గడువు తీరేలోపే పొడిగింపుకు దరఖాస్తు చేసి, నిర్ణయం వచ్చేవరకు కెనడాలోనే ఉంటే, ఆ మధ్య కాలంలో మీ తాత్కాలిక హోదా కొనసాగినట్టే, ఆ రోజులు అర రోజులుగా లెక్కకు వస్తాయి. గడువు తీరిన తర్వాత మేల్కొని హోదా పునరుద్ధరణకు దరఖాస్తు చేసినట్టయితే, హోదా లేని ఆ రోజులు దేశంలోనే గడిపినా లెక్కకు రావు. కాబట్టి ప్రతి పర్మిట్ మొదలైన తేదీ, ముగిసిన తేదీ, తర్వాతిదానికి దరఖాస్తు చేసిన తేదీ ఒకదాని కింద ఒకటి రాసి, మధ్యలో ఖాళీలు ఉన్నాయేమో చూడండి.

మూడవ పని: దేశం విడిచిన ప్రతిసారీ రాసుకోండి

మొత్తం లెక్కలో ఎక్కువ సమయం తీసుకునేదీ, ఎక్కువ తప్పులు దొర్లేదీ ఇక్కడే. ఒక ఎక్సెల్ షీటు తెరిచి, కెనడా విడిచిన తేదీ, కెనడాకు తిరిగి వచ్చిన తేదీ, వెళ్లిన దేశం, వెళ్లిన కారణం, తేదీకి ఆధారం అని ఐదు నిలువు వరుసలు పెట్టుకోండి. మొదటి నాలుగూ దరఖాస్తులో అడుగుతారు. ఐదవది మీ కోసం.

నియమం మీకు అనుకూలంగానే ఉంది: వెళ్లిన రోజు, తిరిగి వచ్చిన రోజు రెండూ కెనడాలో ఉన్న రోజులే. పూర్తిగా బయట గడిచిన రోజులు మాత్రమే గైర్హాజరు. శనివారం ఉదయం నయాగరా దగ్గర వంతెన దాటి బఫెలో వైపు బంధువుల ఇంట్లో పడుకుని, ఆదివారం రాత్రి తిరిగి వచ్చినవారికి ఒక్క రోజు కూడా తగ్గదు. శుక్రవారం సాయంత్రం వెళ్లి ఆదివారం వచ్చినవారికి ఒక్క శనివారం తగ్గుతుంది. ఉదయం వెళ్లి సాయంత్రానికి వచ్చేసిన ప్రయాణం వల్ల లెక్కకు నష్టం లేదు, అయినా మీ షీటులో మాత్రం రాసి ఉంచండి, ఎందుకంటే సరిహద్దు అధికారుల రికార్డులో మీ రాక నమోదై ఉంటుంది.

భారతదేశ ప్రయాణాల విషయంలో పాస్‌పోర్టు ముద్రలను చూసి తేదీలు నింపేవారు ఒక చిక్కులో పడతారు. టొరంటోలో డిసెంబర్ 12 రాత్రి విమానం ఎక్కి, దుబాయ్ లేదా ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా శంషాబాద్‌లో దిగేసరికి డిసెంబర్ 14 అవుతుంది, పాస్‌పోర్టులో పడే ముద్ర కూడా అదే. ఆ ముద్ర తేదీని కెనడా విడిచిన తేదీగా రాస్తే, మీరు దేశంలో లేని రెండు రోజులను ఉన్నట్టుగా చూపినట్టవుతుంది. కెనడా నుంచి బయలుదేరేటప్పుడు పాస్‌పోర్టు మీద ముద్ర వేయరు, తిరిగి వచ్చినప్పుడు కూడా పెద్ద విమానాశ్రయాలలో యంత్రం దగ్గర పని ముగించుకుని ముద్ర లేకుండానే బయటికి వచ్చేస్తుంటారు. అందువల్ల అసలైన ఆధారం విమాన టికెట్టే. ఈమెయిల్‌లో విమానయాన సంస్థ పేరుతో వెతికితే పాత బుకింగులు చాలావరకు దొరుకుతాయి, కానీ తేదీ మార్చుకున్న టికెట్లకు పాతదీ కొత్తదీ రెండూ కనిపిస్తాయి కాబట్టి, నిజంగా ఎక్కిన విమానం ఏదో బోర్డింగ్ పాస్‌తో సరిచూసుకోవాలి. వాంకూవర్‌లోనో మాంట్రియల్‌లోనో విమానం మారినట్టయితే, కెనడా విడిచిన తేదీ అంటే చివరి కెనడా విమానాశ్రయం నుంచి బయలుదేరిన తేదీ. తిరుగు ప్రయాణంలో మొదటి కెనడా విమానాశ్రయంలో దిగిన తేదీ తీసుకోవాలి. అర్ధరాత్రి దాటాక 12:40కి బయలుదేరే విమానం విషయంలో, ఇంటి నుంచి బయలుదేరిన రోజు కాకుండా ఆ తర్వాతి రోజు రాయాలని మరచిపోకండి.

పాస్‌పోర్టు మధ్యలో పునరుద్ధరించుకుని ఉంటే, రద్దు చేసి తిరిగి ఇచ్చిన పాతదాన్ని పారేయకండి. 5 సంవత్సరాల కాలంలో మీ దగ్గర ఉన్న ప్రతి పాస్‌పోర్టు వివరాలూ చూపవలసి ఉంటుంది. రెండింటినీ అట్ట నుంచి అట్ట వరకు, ఖాళీ పేజీలతో సహా రంగుల్లో స్కాన్ చేసి పెట్టుకుంటే తర్వాత ఏది అడిగినా ఇబ్బంది ఉండదు.

నాలుగవ పని: ఒక ఉదాహరణతో లెక్క కట్టి చూడండి

కాలిక్యులేటర్ జవాబు ఇస్తుంది కదా, చేతితో ఎందుకు అనిపించవచ్చు. ఒక్కసారి చేతితో కడితే, కాలిక్యులేటర్ తప్పు జవాబు చూపినప్పుడు అది మీరు ఇచ్చిన ఏ తేదీ వల్ల వచ్చిందో పట్టుకోగలుగుతారు. ఒక విద్యార్థిని తీసుకుందాం. ఆమె 2021 జనవరి 4న స్టడీ పర్మిట్ మీద కెనడాలో దిగింది, మధ్యలో ఖాళీ లేకుండా వర్క్ పర్మిట్‌కు మారింది, 2023 జూన్ 1న పీఆర్ వచ్చింది. 2025 ఆగస్టు 10న సంతకం పెట్టాలనుకుంటోంది.

అర్హతా కాలం 2020 ఆగస్టు 10 నుంచి అయినా ఆమె దిగింది జనవరి 4న కాబట్టి, పీఆర్‌కు ముందున్న ముక్క 2021 జనవరి 4 నుంచి 2023 మే 31 వరకు, మొత్తం 878 రోజులు. ఈ మధ్యలో 2021 డిసెంబర్ 5న ఇండియాకు బయలుదేరి 2022 జనవరి 10న తిరిగి వచ్చింది. వెళ్లిన రోజు, వచ్చిన రోజు మినహాయిస్తే బయట ఉన్నది డిసెంబర్ 6 నుంచి జనవరి 9 వరకు, 35 రోజులు. మిగిలింది 843, అందులో సగం 421.5. పరిమితి 365 కాబట్టి ఆమె ఖాతాలో పడేది 365.

పీఆర్ తర్వాతి ముక్క 2023 జూన్ 1 నుంచి 2025 ఆగస్టు 9 వరకు. 2024లో ఫిబ్రవరికి 29 రోజులు ఉన్నందున మొదటి సంవత్సరం 366, రెండవది 365, ఆ పైన జూన్, జూలై, ఆగస్టులలో కలిపి 70, మొత్తం 801. సంక్రాంతికి ఊరికి వెళ్లడానికి 2024 డిసెంబర్ 12న బయలుదేరి 2025 ఫిబ్రవరి 2న తిరిగి వచ్చింది కనుక 51 రోజులు తీసివేస్తే 750. రెండూ కలిపితే 365, 750, మొత్తం 1,115. ఆమెకు 20 రోజులు మిగులు ఉంది. సరిగ్గా 1,095 అయ్యేది జూలై 21న సంతకం పెడితే. ఇదే ఆమె శంషాబాద్ ముద్రను నమ్ముకుని డిసెంబర్ 14న కెనడా విడిచినట్టు రాసి ఉంటే, 51కి బదులు 49 వచ్చి, రెండు రోజులు ముందుగానే అర్హత వచ్చిందనుకుని జూలై 19న దరఖాస్తు పెట్టి ఉండేది. అప్పటికి నిజంగా ఉన్నవి 1,093. చట్టానికి రెండు రోజులు తక్కువైనా, రెండు వందలు తక్కువైనా ఒకటే.

ఐదవ పని: మీ తేదీలను ప్రభుత్వ రికార్డుతో సరిచూసుకోండి

దరఖాస్తులో మీ రాకపోకల వివరాలను కెనడా సరిహద్దు సేవల సంస్థ అయిన సీబీఎస్ఏ నుంచి తీసుకునేందుకు పౌరసత్వ శాఖకు అనుమతి ఇస్తారు. కెనడాకు వచ్చిన తేదీలు ఆ సంస్థ దగ్గర ముందు నుంచీ ఉండేవి, 2020 నుంచి విమానంలో దేశం విడిచినవారి వివరాలు కూడా చేరుతున్నాయి. అధికారి మీ జాబితాను పక్కన పెట్టుకుని చూసేది ఆ రికార్డునే కాబట్టి, అది ముందు మీరే తెప్పించుకుని చూడటం తెలివైన పని. సమాచార హక్కు తరహా అభ్యర్థన పంపితే సీబీఎస్ఏ మీ ప్రయాణ చరిత్ర నివేదికను పంపుతుంది, దానికి వారాలు పట్టవచ్చు కనుక ముందుగానే అడగండి. అమెరికా ప్రయాణాలకు ఆ దేశపు ఐ-94 వెబ్‌సైటులో పాస్‌పోర్టు సంఖ్యతో మీ రాకపోకల చరిత్ర వెంటనే కనిపిస్తుంది. రికార్డులకూ మీ షీటుకూ తేడా వస్తే, రికార్డే సరైనదని గుడ్డిగా దిద్దుకోనక్కరలేదు. టికెట్టు, బోర్డింగ్ పాస్ మీ తేదీనే చూపుతుంటే అదే రాసి, ఆధారాన్ని దాచిపెట్టుకోండి.

ఒక ప్రయాణాన్ని మరచిపోవడం వేరు, లెక్క సరిపోవడం కోసం దాచడం వేరు. తప్పుడు సమాచారం ఇచ్చినట్టు తేలితే దరఖాస్తు తిరస్కరణతో పాటు 5 సంవత్సరాల పాటు పౌరసత్వానికి అనర్హులవుతారు. పౌరసత్వం వచ్చిన తర్వాత బయటపడినా దాన్ని రద్దు చేసే అధికారం ప్రభుత్వానికి ఉంది.

ఆరవ పని: కొన్ని రోజులు మిగులు ఉంచుకుని, కానీ మరీ ఆగిపోకుండా దరఖాస్తు చేయండి

సరిగ్గా 1,095తో దరఖాస్తు చేయడం చట్టరీత్యా చెల్లుతుంది, కానీ ఒక్క తేదీ తేడా వచ్చినా మొత్తం కుప్పకూలుతుంది. తరచుగా సరిహద్దు దాటేవారికి కనీసం రెండు మూడు వారాల మిగులు ఉండాలని నా అభిప్రాయం. ఏటా ఒక్క ఇండియా ప్రయాణం తప్ప ఎక్కడికీ వెళ్లనివారికి వారం పది రోజులు చాలు.

అదే సమయంలో, 1,095 దాటిందన్న ధీమాతో దరఖాస్తు చేయకుండా దీర్ఘకాలం బయటికి వెళ్లవద్దు. గీత రోజుకొక రోజు ముందుకు జరుగుతూనే ఉంటుంది. కెనడాలో ఉన్నంతకాలం వెనుక ఒక రోజో అర రోజో జారిపోయినా ముందు ఒక పూర్తి రోజు చేరుతుంది కాబట్టి లెక్క తగ్గదు. మీరు హైదరాబాద్‌లో ఉన్నప్పుడు మాత్రం ముందు ఏమీ చేరదు, వెనుక జారిపోవడం ఆగదు. 1,110తో బయలుదేరి, తల్లిదండ్రుల ఆరోగ్యం వల్ల ఆరు నెలలు ఉండిపోయి తిరిగి వచ్చేసరికి 1,095 కంటే కిందికి పడిపోవడం సాధ్యమే. అలాంటి ప్రయాణం ముందే తెలిస్తే, అర్హత ఉన్నప్పుడే దరఖాస్తు పంపి బయలుదేరండి, ఎందుకంటే పంపిన తర్వాత మీరు బయట గడిపే రోజులు ఈ 1,095 లెక్కను తగ్గించవు. పీఆర్‌ను నిలుపుకునే 730 రోజుల నియమం మాత్రం పౌరసత్వ ప్రమాణం చేసేవరకు మీ మీద ఉంటుంది.

కొందరి విషయంలో మరికొన్ని మాటలు

అమెరికాలో హెచ్-1బీ మీద ఉంటూ కెనడా పీఆర్ తీసుకున్నవారు, ఇండియా నుంచి వచ్చి ల్యాండింగ్ ముగించుకుని వారంలో తిరిగి వెళ్లినవారు మన తెలుగువారిలో చాలామంది ఉన్నారు. వీరి పీఆర్ తేదీ ల్యాండింగ్ రోజే అయినా, స్థిరపడటానికి వచ్చేవరకు గడిచిన కాలమంతా గైర్హాజరే. అందువల్ల వీరు ల్యాండింగ్ తర్వాతి తొలి తిరుగు ప్రయాణాన్ని షీటులో మొదటి వరుసగా రాయాలి. తరచూ మరచిపోయే వరుస అదే.

సూపర్ వీసా (తల్లిదండ్రులకు ఇచ్చే దీర్ఘకాలిక సందర్శకుల వీసా) మీద వచ్చి ఉండి, తర్వాత పిల్లల స్పాన్సర్‌షిప్‌తో పీఆర్ పొందిన తల్లిదండ్రులకు సందర్శకులుగా ఉన్న రోజులు అర రోజులుగా కలుస్తాయి. 55 ఏళ్లు నిండినవారికి భాష, పౌరసత్వ పరీక్ష మినహాయింపు ఉంది, రోజుల లెక్కకు మాత్రం లేదు. 18 ఏళ్లలోపు పిల్లల విషయం దీనికి తిరగేసి ఉంటుంది: తల్లి లేదా తండ్రి పౌరులైనా, వారితో కలిసి దరఖాస్తు చేస్తున్నా, పీఆర్ ఉన్న పిల్లలకు 1,095 షరతు వర్తించదు. సంతకం తేదీనాటి వయసే చూస్తారు కాబట్టి, ఇంట్లో 18కి దగ్గరపడుతున్న పిల్లలుంటే తల్లిదండ్రులు తమ తేదీని దాన్నిబట్టి నిర్ణయించుకోవాలి. భార్యాభర్తల లెక్క ఎవరిది వారిదే, ఒకరి మిగులు మరొకరికి కలవదు.

కెనడా సైన్యంలో గానీ, కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ సేవలో గానీ విదేశంలో పనిచేసినవారికి, వారితో ఉన్న కుటుంబానికి ఆ కాలం కొన్ని షరతులతో లెక్కకు వస్తుంది. జైలులో, పెరోల్ మీద, ప్రొబేషన్ మీద ఉన్న రోజులు సాధారణంగా లెక్కకు రావు.

చివరగా ఆన్‌లైన్ కాలిక్యులేటర్ దగ్గరికి

షీటు సిద్ధమయ్యాక పౌరసత్వ శాఖ వెబ్‌సైటులోని కాలిక్యులేటర్‌లో తేదీలు నింపడం అరగంట పని. ఆన్‌లైన్ దరఖాస్తులో అయితే అది లోపలే ఉంటుంది, కాగితంపై దరఖాస్తు చేసేవారు ఫలితాన్ని ముద్రించి జతచేయాలి. తేదీలు నింపేటప్పుడు సంవత్సరం, నెల, రోజు క్రమాన్ని చూసుకోండి, మనకు రోజు ముందు రాసే అలవాటు ఉంది కనుక 03, 04 లాంటి తేదీలు తారుమారవుతాయి. జవాబు మీ చేతి లెక్కతో సరిపోకపోతే ముందు పీఆర్ తేదీని, తర్వాత ప్రతి ప్రయాణంలో సంవత్సరాన్ని చూడండి. డిసెంబర్‌లో వెళ్లి జనవరిలో వచ్చిన ప్రయాణాల దగ్గరే తప్పు ఎక్కువగా దొరుకుతుంది.

రోజులతో పాటు, అదే 5 సంవత్సరాల పరిధిలోకి వచ్చే పన్ను సంవత్సరాలలో, మీకు బాధ్యత ఉన్నంతమేరకు కనీసం మూడింటికి ఆదాయపు పన్ను రిటర్నులు దాఖలు చేసి ఉండాలి. పంపిన తర్వాత కూడా షీటును మూసేయకండి. అధికారికి సందేహం వస్తే వివరమైన ప్రశ్నావళి పంపి, ఉద్యోగ లేఖలు, అద్దె ఒప్పందాలు, బ్యాంకు లావాదేవీల వంటి ఆధారాలు అడగవచ్చు. ప్రమాణ కార్యక్రమానికి కెనడాలోనే ఉండాలి కాబట్టి, ఆ సమయానికి ఇండియా టికెట్లు కొనేటప్పుడు తేదీ మార్చుకునే వీలున్నవే తీసుకోండి. ప్రమాణం చేసిన క్షణం నుంచి భారత చట్టం ప్రకారం మీ భారత పౌరసత్వం ముగుస్తుంది కనుక, ఆ తర్వాతి ప్రయాణం భారత పాస్‌పోర్టు మీద చేయడానికి వీలులేదు. దాన్ని అప్పగించి, కెనడా పాస్‌పోర్టుతో పాటు ఓసీఐ కార్డో వీసానో చేతికి వచ్చేవరకు ఊరికి టికెట్టు తీసుకోకండి.